స్వేదన స్తంభముల వరుసక్రమము – ఒక చారిత్రక పరిశీలనము

ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలిపూవుల నుండి అత్తరు తీయు వృత్తి నేటికిని నిలిచియున్నది. బరంపురము మున్నగు పట్టణములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఆ పరిమళము చిరపరిచితము. ఆ పని చేయు తీరు సరళమైనది. పెద్ద రాగిపాత్రలో పూవులను, నీటిని ఉంచి, మూతిని గట్టిగా మూసి, అడుగున మంట పెట్టుదురు. పుట్టిన ఆవిరి వెదురుగొట్టము గుండా, నీటితొట్టిలో నుంచిన మఱియొక రాగిపాత్రలోనికి పోయి చల్లబడును. ఆ పాత్రలో ముందుగా పోసియుంచిన చందనతైలము పరిమళమును పట్టియుంచును. మన ప్రాచీన రసశాస్త్ర గ్రంథమగు రసరత్నసముచ్చయమున వర్ణింపబడిన తిర్యక్పాతన యంత్రమునకు ఆధారమైన సూత్రము కూడ ఇదియే. ఒక పాత్రలోని ఆవిరిని గొట్టము ద్వారా ప్రక్కకు నడిపి వేఱొక పాత్రలో చల్లార్చుటయే దాని సారము.

ఇట్టి స్వేదనములో కుండ ఒకటి, ఫలము ఒకటి. కావున ఏది ముందు వేఱుచేయవలెను, ఏది పిదప వేఱుచేయవలెను అను ప్రశ్నకు తావులేదు. ఒకే మిశ్రమము నుండి మూడు, నాలుగు, ఐదు పదార్థములను విడివిడిగా, శుద్ధముగా రాబట్టవలసి వచ్చినప్పుడు ఆ ప్రశ్న తలయెత్తును. పైకి చూచిన నిది చిన్న ప్రశ్నవలె తోచును. పదార్థములన్నియు కడపట విడిపోవునుగదా, వరుస యేదైన నేమి యని యెవరైన ననవచ్చును. కాని కర్మాగారమున కాలు ఇంధనములో అధికభాగము నిర్ణయించునది ఈ వరుసయే. అమెరికాలోని పరిశ్రమలు వినియోగించు శక్తిలో దాదాపు సగము పదార్థములను వేఱుచేయుటకే వ్యయమగుచున్నదనియు, అందులో ఇంచుమించు సగము స్వేదనమున కగుచున్నదనియు షోల్, లైవ్లీ అను శాస్త్రజ్ఞులు 2016లో వ్రాసిరి. ఈ ప్రశ్న ఎట్లు పుట్టినది, దానికి కాలక్రమమున ఎట్టి సమాధానములు లభించినవి, లభించిన సమాధానము ఆచరణలోనికి వచ్చుటకు ఏల ఆలస్యమైనది అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము.

స్తంభము పుట్టుక

స్వేదన స్తంభము మద్యపరిశ్రమలో పుట్టినది. ఒకే కుండలో పలుమాఱులు కాచుటకు బదులు, అనేక పాత్రలను వరుసగా కలిపి ఒకదాని ఆవిరితో మఱియొకదానిని వేడిచేయు పద్ధతిని ఫ్రాన్సుదేశీయుడగు ఎడ్వర్డ్ ఆడమ్ 1801లో ప్రవేశపెట్టెను. 1813లో సెల్లియర్ బ్లూమెంథాల్ అనునతడు ఆ పాత్రలను నిలువుగా నొకదానిపై నొకటి పేర్చినట్టి స్తంభమునకు పేటెంటు పొందెను. ఐర్లండులో ఎక్సైజుశాఖ యందు ఉన్నతోద్యోగము నిర్వహించిన ఏనియస్ కాఫీ 1830లో రెండు స్తంభముల యంత్రమునకు పేటెంటు సంపాదించెను. ఇందలి విశేషము గమనింపదగినది. లోనికి వచ్చు చల్లని ద్రవమును రెండవ స్తంభములోని గొట్టముల గుండా నడిపించి, అచ్చట పైకిపోవు ఆవిరి వేడిచేతనే దానిని కాచి, పిదప మొదటి స్తంభమున కందించిరి. ఆవిరిని చల్లార్చుట, ద్రవమును కాచుట అను రెండు పనులును ఒక్కచోటనే జరిగినవి. రెండు స్తంభములను ఒకదాని కొకటి తోడ్పడునట్లు కూర్చినచో ఇంధనము మిగులునను సంగతి ఇట్లు ఆదియందే గుర్తింపబడినది.

స్తంభము పనిచేయు తీరును సంగ్రహముగా చెప్పుదును. స్తంభములో అంతస్తులవలె అనేక పళ్ళెము లుండును. క్రిందనుండి ఆవిరి పైకెక్కుచుండును. పైనుండి ద్రవము క్రిందికి దిగుచుండును. ప్రతి పళ్ళెముపై రెండును కలిసికొనినప్పుడు, తేలికగా మరుగు పదార్థము ఆవిరితోకూడి పైకిని, ఆలస్యముగా మరుగునది ద్రవముతోకూడి క్రిందికిని పోవును. పైకివచ్చిన ఆవిరిని చల్లార్చి, ఆ ద్రవములో కొంతభాగమును మరల స్తంభములోనికి వదలుదురు. దీనినే రిఫ్లక్స్ అందురు. ఎంత ఎక్కువ ద్రవమును వెనుకకు మరలింతుమో అంత శుద్ధమైన పదార్థము లభించును. అడుగున అంత ఎక్కువ ఇంధనమును కాలును.

ఈ వ్యాపారమునకు గణితరూపమును ఫ్రాన్సులో సొరెల్ 1893లో కల్పించెను. 1925లో మెకేబ్, థీల్ అను ఇరువురు ఒక గీతపటమున మెట్లుమెట్లుగా గీసి పళ్ళెముల సంఖ్యను తెలిసికొను సులభోపాయమును ప్రకటించిరి. 1932లో ఫెన్‌స్కే, అండర్‌వుడ్, 1940లో గిల్లిలండ్ అనువారు చేసిన కృషివలన ఒక స్తంభమునకు ఎన్ని పళ్ళెములు కావలెనో, ఎంత రిఫ్లక్స్ కావలెనో లెక్కించుట సాధ్యమైనది. ఒక స్తంభమును గూర్చిన శాస్త్రము ఇట్లు స్థిరపడినది. స్తంభముల సమూహమును గూర్చిన శాస్త్రము మాత్రము ఇంకను ఆరంభము కాలేదు.

రెండు స్తంభములు, రెండు దారులు

సాధారణముగా ఒక స్తంభము రెండు ఫలములనే ఇచ్చును. పైభాగమున నొకటి, అడుగున నొకటి. కావున మూడు పదార్థములను వేఱుచేయుటకు రెండు స్తంభములు, నాలుగింటికి మూడు స్తంభములు కావలెను. బెంజీను, టోలుయీను, జైలీనుల మిశ్రమమును ఉదాహరణముగా తీసికొందము. బెంజీను 80 డిగ్రీలకును, టోలుయీను 111 డిగ్రీలకును, జైలీనులు 138 మొదలు 144 డిగ్రీల వఱకును మరుగును. వీనిని వేఱుచేయుటకు రెండు దారులు కలవు. మొదటి స్తంభమున బెంజీనును పైకి తీసివేసి, మిగిలిన రెంటిని రెండవ స్తంభమున విడదీయుట ఒక దారి. మొదటి స్తంభమున జైలీనును అడుగున దింపివేసి, పైకి వచ్చిన రెంటిని రెండవదానియందు విడదీయుట రెండవ దారి.

నూఱు పాళ్ళ మిశ్రమములో బెంజీను 20 పాళ్ళు, టోలుయీను 20 పాళ్ళు, జైలీను 60 పాళ్ళు ఉన్నవనుకొందము. మొదటి దారిలో తొలి స్తంభమున పైకి పోవునది 20 పాళ్ళు, రెండవదానియందు 20 పాళ్ళు, మొత్తము 40. రెండవ దారిలో తొలి స్తంభమున బెంజీను, టోలుయీనులు కలిసి 40 పాళ్ళును, రెండవదానియందు బెంజీను మరల 20 పాళ్ళును పైకి పోవలెను; మొత్తము 60. రిఫ్లక్స్ కారణముగా నిజముగా ఆవిరియగు పరిమాణము ఇంతకు ఎన్నోరెట్లు ఉండునుగాని, పోల్చిచూచుటకు ఈ లెక్క చాలును. బెంజీనును రెండుమాఱులు ఆవిరిచేయుట రెండవ దారియందలి దోషము. దీనినిబట్టి తేలికదానిని ముందు తీయుటయే మేలని తోచును.

కాని ఇంకొక కోణమునుండి చూచినచో తీర్పు మాఱును. మొదటి దారిలో రెండవ స్తంభమునకు 80 పాళ్ళు చేరును. రెండవ దారిలో 40 పాళ్ళే చేరును. అధికముగానున్న జైలీనును ముందే తొలగించినందున తరువాతి స్తంభము చిన్నదగును. ఇట్లు ఒకే మిశ్రమమును గూర్చి రెండు న్యాయములు రెండు విరుద్ధములగు తీర్పులు చెప్పుచున్నవి. వరుసక్రమ సమస్యయందలి చిక్కు అంతయు ఈ చిన్న ఉదాహరణములోనే ఇమిడియున్నది.

అనుభవ సూత్రములు

పెట్రోలియము పరిశ్రమ విస్తరించిన కొలది ఈ చిక్కు నిత్యవ్యవహారమైనది. సహజవాయువుతో కూడివచ్చు తేలిక పెట్రోలును విడదీయుటలో స్తంభముల వరుసను గూర్చి లాక్‌హార్ట్ 1947లో అమెరికాలోని ఒక పెట్రోలియము పత్రికలో చర్చించెను. అదే పత్రికలో 1957లో హార్బర్ట్, ఏ స్తంభము ఎచ్చట నుండవలెనను ప్రశ్ననే శీర్షికగా పెట్టుకొని వ్యాసము వ్రాసెను. చెకోస్లొవేకియాలో రాడ్, మారెక్ అనువారు 1959లో మూడు పదార్థముల సమస్యకు గణితపరమగు ప్రమాణములను ప్రతిపాదించిరి. ఈ కాలమున స్థిరపడిన అనుభవ సూత్రములు నాలుగు. తేలికదానిని ముందు తీయవలెను. అధికపరిమాణమున నున్నదానిని ముందు తీయవలెను. మిశ్రమమును సాధ్యమైనంతవఱకు సరిసగముగా చీల్చవలెను. మిక్కిలి కష్టమైన వేర్పాటును కడపటి కుంచవలెను.

ఈ నాలుగవ సూత్రము మన రైతులకు క్రొత్తది కాదు. కళ్ళములో ధాన్యమును మొదట తూర్పారబట్టి పొల్లును పోగొట్టుదురు. పిదప జల్లించి మట్టిని, గడ్డిని తొలగింతురు. ఇంట చేటతో చెఱిగి తవుడును, నూకను తీయుదురు. రాళ్ళేరుట కడపటి పని. ఏలయన అది చేతితో ఒక్కొక్కటిగా చేయవలసిన కష్టకార్యము. అది తక్కువ గింజలపై, ఇతర మాలిన్యము లేనప్పుడు చేసినగాని తెమలదు. కళ్ళములోని కుప్పనంతటిని ముందుగా రాళ్ళకొఱకు వెదకువాడు ఎవ్వడును లేడు. స్తంభముల విషయమునను ఇంతే. మరుగు స్థానములు దగ్గఱగా నున్న జంటను విడదీయుటకు పళ్ళెములును, రిఫ్లక్సును అధికముగా కావలెను. ఆ స్తంభములోనికి పనికిరాని మూడవ పదార్థమును కూడ పంపినచో, ఆ ఖర్చు దానిపైన కూడ పడును.

ఈ సూత్రములను పరీక్షించుటకు ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. ప్రొపేను, ఐసోబ్యూటేను, నార్మల్ బ్యూటేను, ఐసోపెంటేను, నార్మల్ పెంటేను అను ఐదు హైడ్రోకార్బనుల మిశ్రమము అది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో హెవెన్ అను విద్యార్థి 1969లో సమర్పించిన సిద్ధాంతవ్యాసమున దీనిని పరిశీలించెను. వీని మరుగు స్థానములు వరుసగా సున్నకు దిగువ 42, సున్నకు దిగువ 12, సున్నకు దిగువ అర డిగ్రీ, సున్నకు ఎగువ 28, 36 డిగ్రీలు. వాని నడుమ అంతరములు సుమారు 30, 11, 28, 8 డిగ్రీలు. రెండవ, నాలుగవ వేర్పాటులు కష్టతరములని దీనినిబట్టియే తెలియును. కావున మొదట బ్యూటేనుల వర్గమును పెంటేనుల వర్గమునుండి విడదీయుట, పిదప ఒకవైపున ప్రొపేనును తొలగించుట, కడపట రెండు ఐసో జంటలను వేర్వేఱుగా విడదీయుట తగిన వరుసయని సూత్రములు సూచించుచున్నవి. ఇక్కడ సూత్రము లొకదానితో నొకటి చాలవఱకు ఏకీభవించినవి. అన్ని మిశ్రమములయందును అట్లు జరుగదు.

మార్గముల లెక్క

సూత్రములు వాదించుకొనునప్పుడు మిగిలిన ఉపాయము, సాధ్యమైన వరుసలన్నిటిని లెక్కించి చూచుట. వరుసలు ఎన్ని? మూడు పదార్థములకు 2, నాలుగింటికి 5, ఐదింటికి 14, ఆఱింటికి 42, ఏడింటికి 132, ఎనిమిదింటికి 429. పది పదార్థములకు 4,862 వరుసలు. ఈ సంఖ్యలకు సామాన్యసూత్రమును టాంప్సన్, కింగ్ అనువారు 1972లో రసాయన ఇంజనీర్ల ముందుంచిరి. గణితజ్ఞులకు ఈ సంఖ్యలు అంతకుపూర్వమే తెలియును. ఒక బహుభుజిని కర్ణములచే త్రిభుజములుగా ఎన్ని విధముల ఖండింపవచ్చునో ఆయిలర్ 18వ శతాబ్దిలో లెక్కించెను. ఆ సంఖ్యలే ఇవి. 19వ శతాబ్దిలో వానిని పరిశీలించిన కాటలాన్ పేరిట అవి ప్రసిద్ధిచెందినవి. బహుభుజమును ఖండించుటకును, పెట్రోలును విడదీయుటకును ఒకే లెక్క వర్తించుట విచిత్రముగా తోచవచ్చును. రెంటియందును జరుగునది ఒకటియే. ఒక సమూహమును రెండుగా చీల్చి, ఆ రెంటిని మరల చీల్చుచు పోవుట.

4,862 వరుసలలో ఒక్కొక్కదానికి తొమ్మిది స్తంభములు. అనగా 43,758 స్తంభములను రూపొందించి వెలకట్టవలెను. కాని హెండ్రీ, హ్యూస్ అనువారు 1972లోనే ఒక సుగమమార్గమును చూపిరి. అనేక వరుసలలో అవే స్తంభములు మరల మరల వచ్చుచుండును. నిజముగా భిన్నమగు స్తంభములు పది పదార్థములకు 165 మాత్రమే. ఐదింటికి 20 మాత్రమే. చిన్న సమూహములకు ఉత్తమమైన వరుసను ముందుగా తేల్చి, దానిపై పెద్ద సమూహమునకు వరుసను కట్టుకొనుచు పోయినచో పని ఎన్నోరెట్లు తగ్గును. దీనిని డైనమిక్ ప్రోగ్రామింగు అందురు. మరుసటి సంవత్సరమే, 1973 చివరను, ముడిచమురు సంక్షోభ మారంభమయ్యెను. కొలది మాసములలోనే పీపా ధర సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల సమీపమునకు పెరిగెను. అంతవఱకు విద్యాగోష్ఠులలోని ప్రశ్నగానున్న వరుసక్రమము కర్మాగారముల జమాఖర్చులలోనికి వచ్చినది.

కనబడని నష్టము

ఇంతవఱకు చెప్పిన వరుసలన్నిటియందును ఒక సామాన్యలోపము కలదు. బెంజీను, టోలుయీను, జైలీనుల ఉదాహరణమునకే మరలుదము. మొదటి స్తంభమున బెంజీనును పైకి తీయుచున్నప్పుడు, మిశ్రమము ప్రవేశించు చోటికి దిగువనున్న పళ్ళెములపై టోలుయీను పాలు క్రమముగా హెచ్చుచు వచ్చి, ఒకచోట పరాకాష్ఠ నందుకొనును. అచ్చటనుండి అడుగునకు పోయినకొలది జైలీను అధికమగుటచే టోలుయీను మరల పలుచబడును. ఇంధనము కాల్చి సాధించిన శుద్ధి అదే స్తంభములో కొంత నశించుచున్నది. రెండవ స్తంభమున మరల ఇంధనము కాల్చి దానినే తిరిగి సంపాదింపవలెను. వడ్లను తూర్పారబట్టి, ఆ పొల్లులో కొంత మరల కలిపి, మరల చెఱుగుట వంటిదిది. ఈ పునర్మిశ్రమమే మామూలు వరుసలలోని కనబడని నష్టము.

దీనికి పరిహారమేమి? మొదటి స్తంభమున బెంజీను, జైలీనులను మాత్రమే పూర్తిగా విడదీసి, నడిమి పదార్థమగు టోలుయీనును రెండువైపులకు పోవునట్లు విడిచిపెట్టుటయే. పైనుండి బెంజీను, టోలుయీనులును, క్రిందినుండి టోలుయీను, జైలీనులును రెండవ స్తంభములోనికి రెండు చోట్ల ప్రవేశించును. ఆ స్తంభము పైన బెంజీనును, నడుమ టోలుయీనును, అడుగున జైలీనును ఇచ్చును. మొదటి స్తంభమునకు వేఱుగా కాచుపాత్రగాని, చల్లార్చుపాత్రగాని అక్కఱలేదు. రెండవదానినుండి కొంత ఆవిరిని, కొంత ద్రవమును దానికి అరువిచ్చిన చాలును. ఇట్టి ఏర్పాటునకు బ్రుగ్మా 1942లోనే అమెరికాలో పేటెంటు పొందెను. 1949లో రైట్ ఇంకొక అడుగు ముందుకువేసి, రెండు స్తంభములకు బదులు ఒకే స్తంభము నడుమ నిలువుగోడ కట్టి ఆ పనియే చేయవచ్చునని పేటెంటు సంపాదించెను. 1965లో సోవియట్ శాస్త్రజ్ఞులగు పెట్ల్యుక్, ప్లాటొనోవ్, స్లావిన్‌స్కీలు దీని తాత్త్విక మూలమును ఉష్ణగతిశాస్త్ర దృష్టితో వివరించిరి. అందుచే ఈ ఏర్పాటు పెట్ల్యుక్ పేరిట వాడుకకెక్కినది. 1987లో ఫిడ్‌కోవ్‌స్కీ, క్రొలికోవ్‌స్కీ అనువారు దీనికి కావలసిన కనిష్ఠ ఆవిరిపరిమాణమును గణితపూర్వకముగా ప్రకటించిరి. మామూలు వరుసలతో పోల్చినచో అనేక సందర్భములలో ఇంధనము నూటికి 30 పాళ్ళ వఱకు మిగులునని తేలినది.

ఇంత లాభము కలుగునపుడు పరిశ్రమ దానిని వెంటనే ఏల స్వీకరింపలేదు? నడిమి గోడగల మొదటి పారిశ్రామిక స్తంభమును జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ తన లుడ్‌విగ్స్‌హాఫెన్ కర్మాగారమున 1985లో నెలకొల్పినది. పేటెంటు పుట్టిన నాటికిని దీనికిని నడుమ 36 సంవత్సరములు గడచినవి. కారణములు పెక్కు కలవు. గోడకు ఇరువైపులకు ఎంత ద్రవము, ఎంత ఆవిరి పంచవలెనో లెక్కించుటకు ఆ కాలమున తగిన సాధనములు లేవు. పంపకము కొంచెము తప్పినను లాభమంతయు పోవును. రెండు వేర్వేఱు స్తంభములున్నచో ఒకదానియందు తేడా వచ్చినను రెండవదానితో సర్దుకొనవచ్చును. ఒకే స్తంభమున మూడు ఫలములను అదుపుచేయుట క్రొత్త విద్య. అన్నిటికిమించి, 1973కు పూర్వము ఇంధనము చౌకగా నుండుటచే సాహసింపవలసిన యగత్యము తోచలేదు. ఆలోచన లేకపోవుట కాదు, దానిని నమ్మి నడపుటకు కావలసిన గణనసాధనము, అదుపు, అవసరము అను మూడును ఒకచోట కూడకపోవుటయే ఈ ఆలస్యమునకు హేతువు. 2010 నాటికి ఇట్టి స్తంభములు ప్రపంచమున నూటికి మించినవి.

ఇందు మఱియొక విశేషము కలదు. చమురు శుద్ధి కర్మాగారములలోని ముడిచమురు స్తంభమును చూడుడు. ఆ పెద్ద స్తంభము ప్రక్కన చిన్న స్తంభము లుండును. నడిమి అంతస్తులనుండి కిరసనాయిలును, డీసెలును ఈ చిన్నవానిలోనికి దింపి, వానిలోని తేలిక పదార్థములను ఆవిరిగా తొలగించి, ఆ ఆవిరిని పెద్ద స్తంభమునకే మరల పంపుదురు. గణితదృష్టితో పరిశీలించినచో ఇది అనేక స్తంభముల వరుసను ఉష్ణబంధముతో ఒకటిగా కూర్చిన ఏర్పాటే. అడుగున బరువైనదానిని విడుచుచు పోవు రెండవ దారికి ఇది సంకలితరూపము. సిద్ధాంతము ఆ పేరు పెట్టుటకు దశాబ్దములకు ముందే చమురు ఇంజనీర్లు అనుభవముచేత అచ్చటికి చేరియుండిరి.

వేడి యెంత, యే స్థాయిది

ఇంధనపు పరిమాణమునొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు. వేడి యే ఉష్ణోగ్రతవద్ద కావలెనను ప్రశ్న కూడ ముఖ్యమే. మామూలు వరుసలో ఒక స్తంభమునకు అధికోష్ణోగ్రతవద్దను, మఱియొకదానికి తక్కువ ఉష్ణోగ్రతవద్దను వేడి నందింపవచ్చును. నడిమి గోడ స్తంభమున వేడియంతయు అత్యధికోష్ణోగ్రతవద్దనే ఈయవలెను. చల్లార్చుట యంతయు అత్యల్పోష్ణోగ్రతవద్దనే జరుగవలెను. చౌకగా దొరకు తక్కువస్థాయి ఆవిరి కర్మాగారమున సమృద్ధిగా నున్నచోట, పరిమాణమున తక్కువ ఖర్చగు ఏర్పాటు వెలలో ఎక్కువ కావచ్చును.

ఇందుకు భిన్నమగు మార్గమును చూపినది గాలిని విడదీయు పరిశ్రమ. జర్మనీలో కార్ల్ లిండే 1910లో జంటస్తంభమును నిర్మించెను. నత్రజని సున్నకు దిగువ 196 డిగ్రీలవద్దను, ప్రాణవాయువు 183 డిగ్రీలవద్దను మరుగును. సామాన్యపీడనమున నత్రజని ఆవిరి చల్లదనముచే ప్రాణవాయువును కాచుట అసాధ్యము. కాని క్రింది స్తంభమున పీడనము పెంచినచో నత్రజని అధికోష్ణోగ్రతవద్ద ద్రవమగును. అప్పుడు అది విడుచు వేడి పై స్తంభములోని ప్రాణవాయువును మరిగించును. ఒక స్తంభము చల్లారుటయే రెండవదానికి పొయ్యియైనది. కాఫీ మద్యస్తంభములలో చూపిన మార్గమే ఇచ్చట పీడనభేదముచే పరిపూర్ణత నొందినది. ఆర్గాను ఆ రెంటి నడుమ 186 డిగ్రీలవద్ద మరుగుటచే, దానికి ప్రక్కస్తంభ మొకటి చేర్చుదురు.

స్తంభములచే సాధ్యము కాని పనియు కలదు. పారాజైలీను, మెటాజైలీనుల మరుగు స్థానముల నడుమ అంతరము ఒక డిగ్రీకన్న తక్కువ. అచ్చట స్వేదనమును విడిచి, గడ్డకట్టించుటగాని, ఘనపదార్థముచే పీల్పించుటగాని చేయుదురు. వరుసను నిర్ణయించువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది, స్వేదనమును ఎచ్చట నిలుపవలెనో అనునదే.

సమస్త మార్గముల గణన

గణనయంత్రములు శక్తిమంతము లైనకొలది సమస్య విస్తరించినది. 1976లో సార్జెంట్, గామినిబండార అనువారు సాధ్యమగు ఏర్పాటులన్నిటిని గర్భీకరించుకొన్న ఒకే మహారూపమును భావించి, దానినుండి ఉత్తమమైనదానిని గణితము ద్వారా ఏరుకొనవలెనని ప్రతిపాదించిరి. ఆండ్రకోవిచ్, వెస్టర్‌బర్గ్ అనువారు 1985లో స్తంభముల నడుమ ఉష్ణవినిమయమును కూడ ఆ గణనములో చేర్చిరి. కాని మహారూపమున ఏ ఏర్పాటైనను తప్పిపోయినదేమో యను శంక మిగిలియే యుండెను.

ఈ శంకను తీర్చిన కృషిలో భారతీయుల పాత్ర పెద్దది. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని ఎయిర్ ప్రొడక్ట్స్ సంస్థలో గాలి వేర్పాటుపై పెక్కేండ్లు పనిచేసి, పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రాకేశ్ అగర్వాల్, తన శిష్యుడు విశేష్ షాతో కలిసి 2010లో ఒక మాత్రికా పద్ధతిని ప్రకటించెను. దాని ప్రకారము స్తంభములను ఉష్ణబంధముతో కలుపుటను కూడ లెక్కలోనికి తీసికొన్నచో మూడు పదార్థములకు 8 ఏర్పాటులు, నాలుగింటికి 152, ఐదింటికి 6,128. వెనుకటి 2, 5, 14 అను సంఖ్యలతో వీనిని పోల్చినచో, ఇంజనీర్లు అంతవఱకు ఎంత ఇరుకైన త్రోవలో వెదకుచుండిరో తెలియగలదు. ఐదు పదార్థములకు 6,128 దారులుండగా 14 దారులనే ఎఱిగి వానిలో ఉత్తమమైనదానిని ఎన్నుకొనుట, ఊరిలోని ఒక్క వీధినే చూచి ఊరిని వర్ణించుట వంటిది. అగర్వాల్ శిష్యబృందము తరువాతి సంవత్సరములలో ఈ ఏర్పాటు లొక్కొక్కదానికి నిజమైన కనిష్ఠవ్యయమును కనుగొను పద్ధతులను కూడ రూపొందించినది. 2011లో ఆయనకు అమెరికా ప్రభుత్వపు జాతీయ సాంకేతిక పతకము లభించినది.

అయినను లెక్కించుట వేఱు, ఎన్నుకొనుట వేఱు. వేలకొలది ఏర్పాటులలో తక్కువ ఇంధనముతో నడచు వందింటిని యంత్రము పేర్చిపెట్టును. వానిలో ఏది కట్టుటకు వీలైనది, ఏది నడపువారికి అదుపులో నుండును, ఏది పాత స్తంభములను ఉపయోగించుకొనును అను విషయములను కర్మాగారము నెఱిగినవారే తేల్చవలెను. లాక్‌హార్ట్, హార్బర్టుల అనుభవ సూత్రములు కొట్టివేయబడలేదు. అవి వెదకుటకు బదులు ఏరుటకు సాధనములైనవి.

మన తీరములు

ఈ చరిత్రకు తెలుగువారు నివసించు ప్రాంతములతో ప్రత్యక్షసంబంధము కలదు. విశాఖపట్టణమున కాల్టెక్సు చమురు శుద్ధి కర్మాగారము 1957లో ఆరంభమైనది. 1976లో ప్రభుత్వపరమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియములో విలీనమైనది. తెలుగువారు చిరకాలముగా స్థిరపడిన ఇరుగుపొరుగు రాష్ట్రములలోను అట్టి స్తంభములు లేచినవి. మహారాష్ట్రలోని ట్రాంబేలో 1954, 1955 సంవత్సరములలోను, తమిళనాడులోని మనలిలో 1969లోను, కర్ణాటకలోని మంగళూరున 1996లోను, ఒడిశాలోని పారాదీప్‌న 2016లోను శుద్ధి కర్మాగారములు ప్రారంభమైనవి. యానాము పొరుగుననున్న కోనసీమలో తాటిపాకవద్ద చిన్న శుద్ధి కర్మాగారము 2001లో నెలకొన్నది.

ఈ విద్య మన ప్రాంతమున అడుగుపెట్టుటకు తోడ్పడినవారిలో ఒడిశాలోని జయపుర సంస్థానాధీశుడు విక్రమదేవవర్మ స్మరణీయుడు. ఒడియా, తెలుగు సాహిత్యములు రెంటిని పోషించిన ఆ మహారాజు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన విరాళములకు గుర్తుగా అచ్చటి విజ్ఞాన సాంకేతిక కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. 1933లో ఆరంభమైన రసాయన సాంకేతిక విద్యాశాఖ దేశమున ఆ విషయమును బోధించిన తొలి శాఖలలో ఒకటి. మెకేబ్, థీల్ తమ పద్ధతిని ప్రకటించి అప్పటికి ఎనిమిది సంవత్సరములే గడచినవి.

ఒక కర్మాగారమును కట్టినపిమ్మట అది ముప్పది నలువది సంవత్సరములు నడచును. వరుసను కాగితముపై గీయు దినములు కొన్నియే. ఆ దినములలో చేసిన నిర్ణయము ఆ ముప్పది నలువది సంవత్సరములును ఇంధనరూపమున ఫలించుచుండును. నూటికి 30 పాళ్ళు మిగిలినను, వృథాయైనను అన్ని సంవత్సరములును అట్లే జరుగును. ఇనుము తెచ్చి నిలిపిన తరువాత వరుసను మార్చుట బహు దుష్కరము. 1949 నాటి పేటెంటు 1985 వఱకు వేచియున్నకాలమున ప్రపంచమందలి స్తంభములలో వృథాగా కాలిన ఇంధనమును ఎవరును తిరిగి తేజాలరు. క్రొత్తగా కర్మాగారములు కట్టుచున్న మన దేశమున రాబోవు ఇంజనీర్లు తమకు అలవాటైన రెండు మూడు వరుసలతో తృప్తిచెందక, సాధ్యమైన మార్గములన్నిటిని కాగితముమీదనే ఒకసారి నిలిపి చూడవలెనని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది. ఆ పరిశీలనకు పట్టు వ్యయము కొన్ని మాసముల శ్రమ; దానిని చేయకుండుటకు చెల్లించు మూల్యము ఒక తరము పొడుగునను కాలు ఇంధనము.